విశ్రాంతి ఎరుగని ఆచార్యుడు

ప్రత్యేక సంచికకు ఒక మహనీయుని గూర్చి వ్రాయమన్నారు సంపాదకులు. పెన్షనరుగా నాకు ఆదర్శంగా తోచినవారు ఆచార్య ప్రఫుల్ల చంద్ర రే.

వీరు 1861 ఆగస్టు 2న, నేడు బంగ్లాదేశ్‌లో ఉన్న ఖుల్నా ప్రాంతంలో జన్మించారు. ఎడింబరోలో డాక్టరేటు పొంది, 1889లో కలకత్తా ప్రెసిడెన్సీ కళాశాలలో నెలకు 250 రూపాయల జీతంపై చేరారు. చదువుకున్న బెంగాలీ యువకులు గుమాస్తా ఉద్యోగాలకై తిరగడం, మందులు ఓడలపై దిగుమతి కావడం వారిని బాధించాయి. 1892లో సుమారు 700 రూపాయల పెట్టుబడితో అద్దె ఇంట్లోనే మందుల తయారీ మొదలుపెట్టారు. ఫాస్ఫేటు కోసం పశువుల ఎముకలు మేడపై ఎండబెడితే కాకులు పొరుగిళ్లపై పడవేసేవి. ఇరుగుపొరుగువారు మొరపెట్టుకోగా ఎముకలను దూరంగా తరలించారే కాని పని మానలేదు. 1901లో అది బెంగాల్ కెమికల్ అండ్ ఫార్మాస్యూటికల్ వర్క్స్ అనే లిమిటెడ్ కంపెనీ అయింది. బెంగాల్‌లో స్వదేశీ మందుల పరిశ్రమకు అదే పునాది. నేను స్టోర్సులో పనిచేసిన రోజుల్లో ఫినాయిల్ డబ్బాలపై ఆ పేరు చూచేవాడిని. 1980లో ఆ కంపెనీ జాతీయమైంది.

1916లో ప్రభుత్వ సర్వీసు నుండి రిటైరై యూనివర్శిటీ సైన్సు కళాశాలలో చేరారు. 1921లో 60 ఏళ్లు నిండగానే అక్కడి జీతమంతా రసాయన శాఖకే వదలి, 1936 వరకు పనిచేశారు. వివాహం చేసుకోలేదు. కళాశాలలోని ఒక గదే వారి నివాసం. 1944 జూన్ 16న అక్కడే కన్నుమూశారు.

డి.ఎ. బకాయిలకై ఎదురుచూచే మనకు అంతటి త్యాగం సాధ్యం కాదు. కాని మనకు వచ్చిన పనిని వీధిలోని నలుగురు పిల్లలకు నేర్పడానికి పైసా ఖర్చు లేదు. మిత్రులు ఆలోచించగలరు.