కోటు తొడిగినా కుందేలు కుందేలే: బీట్రిక్స్ పాటర్ గీత కథ

నీలం కోటు వేసుకున్న ఓ కుందేలు పిల్లను మన ఇళ్లలోని పిల్లలు ఎక్కడో ఒకచోట చూసే ఉంటారు. పుస్తకం అట్ట మీద కాకపోతే టీవీలో, అదీ కాకపోతే పాలు తాగే కప్పు మీద. దాని పేరు పీటర్. గీసినావిడ బీట్రిక్స్ పాటర్. ఆమె పోయి 80 ఏళ్లు దాటింది. బెంగళూరులోనో, చెన్నైలోనో, బరంపురంలోనో డ్రాయింగ్ క్లాసుకు వెళ్లే మన పిల్లలు ఫోన్‌లో దొరికిన కార్టూన్ జంతువునే మళ్లీ మళ్లీ దించుతున్నారు. అందుకే ఆమె గీత ఆమెకు ఎలా వచ్చిందో ఒకసారి చెప్పుకోవాలనుకున్నాం.

1866 జూలై 28న లండన్‌లో బాగా కలిగిన ఇంట్లో పుట్టారు. ఆడపిల్ల కదా, బడికి పంపలేదు. టీచర్లే ఇంటికొచ్చి చదువు చెప్పేవారు. తోడుగా ఉన్నది తమ్ముడు బెర్ట్రమ్, ఇద్దరూ కలిసి పెంచుకున్న జీవాలు. కుందేళ్లు, ఎలుకలు, కప్పలు, బల్లులు, గబ్బిలాలు అన్నీ ఆ గదిలోనే ఉండేవి. వాటిలో ఏదైనా చచ్చిపోతే ఉడకబెట్టి, ఎముకలు వేరుచేసి, ఆ అస్థిపంజరాన్ని కూడా బొమ్మ గీసుకునేవారు. వినడానికి కాస్త ఒళ్లు జలదరిస్తుంది. కానీ కుందేలు వెనక కాలు ఎక్కడ మడత పడుతుందో ఆమె చేతికి తెలిసింది అలాగే.

చిత్రలేఖనం పాఠాలూ చెప్పించారు. ఆ టీచర్ల పద్ధతి అలవాటైతే తన గీత చెడిపోతుందేమోనని ఆమెకు లోలోపల భయం. నేర్చుకోవలసింది నేర్చుకుని, మిగతాది వదిలేశారు. 1890లో తన కుందేలు బెంజమిన్‌ను చూసి గీసిన బొమ్మలను గ్రీటింగ్ కార్డుల కంపెనీ 6 పౌండ్లకు కొంది. అది ఆమె తొలి సంపాదన.

మధ్యలో పుట్టగొడుగులపై మనసు పడింది. సూక్ష్మదర్శినిలో చూస్తూ వందల బొమ్మలు వేశారు. అవి ఎలా మొలకెత్తుతాయో వ్యాసమూ రాశారు. 1897లో లండన్‌లోని లిన్నేయన్ సొసైటీ సమావేశం ముందుకు అది వెళ్లింది కానీ ఆమె వెళ్లలేకపోయారు, అక్కడికి ఆడవాళ్లకు ప్రవేశం లేదు. తర్వాత ఆ వ్యాసాన్ని వెనక్కి తీసుకున్నారు. ఆ తలుపు తెరుచుకుని ఉంటే పీటర్ మనకు దక్కేవాడో కాదో.

పీటర్ పుట్టింది ఒక ఉత్తరంలో. తనకు చదువు చెప్పిన టీచరమ్మ కొడుకు, 5 ఏళ్ల నోయెల్ జబ్బుపడి మంచంలో ఉంటే, 1893 సెప్టెంబర్ 4న వాడికి బొమ్మలతో కథ రాసి పంపారు. ఏళ్ల తర్వాత దాన్ని పుస్తకం చేద్దామంటే ప్రచురణకర్తలు ఒకరి తర్వాత ఒకరు వద్దన్నారు. చిన్న చేతుల్లో ఇమిడే చిన్న పుస్తకం, తక్కువ ధర అన్న పట్టు ఆమె వీడలేదు. 1901 డిసెంబర్‌లో సొంత డబ్బుతో 250 ప్రతులు వేయించారు. 1902 అక్టోబర్‌లో ఫ్రెడరిక్ వార్న్ కంపెనీ రంగుల్లో తెచ్చింది.

ఇక ఆ బొమ్మల్ని కొంచెం ఆగి చూడాలి. పీటర్ కోటు, బూట్లు వేసుకుని మనిషిలా రెండు కాళ్ల మీద తోటలోకి వస్తాడు. తోట యజమాని మెక్‌గ్రెగర్ తరుముతాడు. ఒక బూటు క్యాబేజీల్లో, రెండోది బంగాళాదుంపల్లో జారిపోతాయి. అక్కడి నుంచి పీటర్ నాలుగు కాళ్ల మీద పరిగెడతాడు, వేగం పెరుగుతుంది. తర్వాత కోటు గుండీలు వలలో చిక్కుకుంటే కోటూ వదిలేసి తప్పించుకుంటాడు. గుడ్డలన్నీ పోయాక మిగిలింది అచ్చమైన కుందేలు. బట్టల కింద జంతువు చెక్కుచెదరకుండా ఉండటమే ఆమె శైలి అని మాకనిపిస్తుంది. కప్ప జెరెమీ ఫిషర్‌కు వానకోటు తొడిగినా కాళ్లు కప్పవే. ఒక ప్రసిద్ధ రచయిత కథలో కప్ప జుట్టు దువ్వుకుంటుందని ఆమె తప్పుపట్టారు కూడా. కప్పకు జుట్టెక్కడిది! మనుషుల బొమ్మలు మాత్రం ఆమెకు అంతగా పట్టుబడలేదు. మెక్‌గ్రెగర్‌ను చూస్తే తెలిసిపోతుంది.

1905 జూలైలో తన పుస్తకాలు చూసే నార్మన్ వార్న్‌తో పెళ్లి కుదిరింది. వ్యాపారం చేసుకునేవాళ్ల అబ్బాయి అని తల్లిదండ్రులు ఒప్పుకోలేదు. ఆమె వెనక్కి తగ్గలేదు. నెల తిరిగేసరికి ఆగస్టు 25న నార్మన్ కన్నుమూశారు. ఆ ఏడాదే పుస్తకాల డబ్బుతో ఇంగ్లండ్ ఉత్తరాన లేక్ డిస్ట్రిక్ట్‌లో హిల్ టాప్ అనే పొలం కొన్నారు. తర్వాతి పుస్తకాల్లో ఆ ఇంటి మెట్లు, పెరడు, బాతులు అలాగే కనిపిస్తాయి. 1908లో వచ్చిన బాతు జెమీమా ఆ పెరటిదే.

1913లో 47 ఏళ్ల వయసులో విలియం హీలిస్ అనే లాయర్‌ను పెళ్లాడారు. చూపు మందగించింది, కుంచె తగ్గింది, పొలాలు పెరిగాయి. 1943 డిసెంబర్ 22న పోయేనాటికి ఉన్న 4,000 ఎకరాలకు పైగా భూమిని నేషనల్ ట్రస్ట్‌కు రాసిచ్చారు. చివరి ఏళ్లలో ఆ ఊళ్లవాళ్లకు ఆమె మిసెస్ హీలిస్. హెర్డ్‌విక్ గొర్రెల మంచిచెడ్డలు బాగా తెలిసిన రైతు.