గోల్కొండ రాజ్యంలో తౌరాత్ బోధించిన సర్మద్

ఇతర మతస్థుల పండుగల గురించి, ఆచారాల గురించి మనలో చాలామంది చెప్పేవి విన్న మాటలే. వారి గ్రంథం తెలిసినవారి దగ్గర కూర్చుని అడిగి తెలుసుకున్నవారు తక్కువ. దైవప్రవక్త (స) పద్ధతి ఇది కాదు. ఆయన హజ్రత్ జైద్ బిన్ సాబిత్ (రజి)ను యూదుల లిపి నేర్చుకోమని ఆదేశించారు. జైద్ (రజి) కొద్ది రోజుల్లోనే దాన్ని నేర్చుకుని, వారి ఉత్తరాలు చదివి వినిపించేవారు. మదీనా యూదులు ఆషూరా నాడు ఉపవాసం ఉండటం చూసినప్పుడు కూడా ఆయన (స) ముందుగా కారణం అడిగారు. ఫిరౌన్ బారి నుండి హజ్రత్ మూసా (అ)ను, ఇస్రాయీల్ సంతతిని అల్లాహ్ కాపాడిన దినమని వారు చెప్పారు. మూసా (అ)కు తామే ఎక్కువ దగ్గరివారమని తెలిపి ఆయన (స) ఆ ఉపవాసం పాటించారు, అనుచరులను కూడా పాటించమన్నారు.

మన నేల మీద కూడా ఒకప్పుడు తౌరాత్‌ను దాన్ని చదువుకున్న పండితుని నోటి నుండే విని రాసుకున్న సందర్భం ఉంది. మన ఇబ్రాహీంపట్నానికి తన పేరు ఇచ్చిన ఇబ్రాహీం కుతుబ్ షా (1550-1580) మునిమనవడు అబ్దుల్లా కుతుబ్ షా గోల్కొండను ఏలుతున్న కాలమది. ఆ పండితుడే ముహమ్మద్ సయీద్ సర్మద్.

బాల్యం - విద్య

సర్మద్ ఇరాన్‌లోని కాషాన్‌కు చెందిన యూద కుటుంబంలో పుట్టారు. ఆయన పూర్వీకులు అర్మేనియా వారని చెప్పేవారు కూడా ఉన్నారు. వారిది మతపండితుల వంశం. అటువంటి ఇంట్లో పెరిగే పిల్లవానికి పండుగలే పాఠాలు. పస్కా పండుగలో వారు పులియని రొట్టె తింటారు. ఈజిప్టు నుండి బయలుదేరిన రాత్రి పిండి పులిసేదాకా ఆగే వ్యవధి కూడా లేకపోయిందని దాని అర్థం. పర్ణశాలల పండుగలో ఇల్లు వదిలి ఆకుల పందిరి కింద గడుపుతారు. ఎడారిలో ఇల్లూ వాకిలీ లేని తమ పూర్వీకులను దేవుడే పోషించాడన్న సంగతి మరచిపోకూడదని. ప్రాయశ్చిత్త దినాన రోజంతా ఉపవాసం ఉంటారు. అయితే తోటివానికి చేసిన అన్యాయం, అతణ్ణి రాజీ చేసుకోనంతవరకు ఆ ఉపవాసంతో మాఫీ కాదని వారి పండితులు బోధిస్తారు. దాసుల హక్కుల గురించి మనం నేర్చుకున్నదీ ఇదే.

తౌరాత్ చదివిన తర్వాత సర్మద్ ఇస్లాం స్వీకరించారు. ముల్లా సద్రా, మీర్ అబుల్ ఖాసిం ఫిందిరిస్కీ వంటి మహాపండితుల వద్ద తత్వశాస్త్రం అభ్యసించారు.

సింధ్ నుండి హైదరాబాదుకు

1630ల తొలినాళ్లలో ఆయన సరుకులతో ఓడలో సింధ్‌లోని తట్టా రేవుకు చేరారు. అక్కడ అభయ్ చంద్ అనే హిందూ యువకునిపై మనసు లగ్నమై వ్యాపారం వదిలేశారు, చివరికి ఒంటి మీది బట్టలు కూడా వదిలేశారు. అభయ్ చంద్ ఆయనకు శిష్యుడై తౌరాత్, జబూర్ గ్రంథాలు చదువుకున్నాడు. ఇద్దరూ ఊళ్లు తిరుగుతూ హైదరాబాదు చేరారు.

1647లో ఇక్కడే, వివిధ మతాల వివరాలు సేకరిస్తున్న ఒక రచయిత సర్మద్‌ను కలిశాడు. అతని ఫార్సీ గ్రంథం పేరు దబిస్తానె మజాహిబ్, అంటే మతాల పాఠశాల. అందులో యూదుల అధ్యాయం సర్మద్ చెప్పిన విషయాల మీదే ఆధారపడింది. అభయ్ చంద్ ఫార్సీలోకి అనువదించిన తౌరాత్ భాగాన్ని కూడా రచయిత సర్మద్ సహాయంతో సరిచూసి అందులో చేర్చాడు.

ఆ భాగం ఆదికాండంలోని తొలి అధ్యాయాలు. సృష్టి నుండి నూహ్ (అ) ప్రస్తావన వరకు ఉంటుంది. యూదుల ఒక ముఖ్య ఆచారానికి మూలం అందులోనే ఉంది. ఆరు దినాల సృష్టి తర్వాత ఏడవ దినం వచ్చే విరామమే వారి సబ్త్. ఆ రోజు యజమానితో పాటు నౌకరుకు, పరదేశికి, పశువుకు కూడా పని నుండి విడుదల ఉండాలని తౌరాత్ ఆజ్ఞ. అయితే సృష్టి వల్ల అల్లాహ్‌కు ఏ అలసటా కలగలేదని ఖుర్‌ఆన్ స్పష్టం చేస్తుంది. విరామం దాసుని అవసరమే గాని ప్రభువు అవసరం కాదు.

జ్ఞానం - ఆచరణ

సర్మద్ నగ్నంగా ఉండేవారు. ఇస్రాయీల్ సంతతిలో దిగంబరత్వం నిషిద్ధం కాదని, యెషయా ప్రవక్త చివరి కాలంలో అలాగే ఉండేవారని ఆయన వాదించినట్లు దబిస్తాన్ చెబుతుంది. ఈ వాదన నిలవదు. యెషయా గ్రంథంలోని ఆ సంఘటన, ఈజిప్టు, కూషు ప్రజలు బందీలుగా పోబోతున్నారని చూపే ఒక సూచన మాత్రమే. అది అందరికీ ఆచారం కాలేదు. పైగా సర్మద్ సరిచూసిన ఆ అధ్యాయాల్లోనే ఆదం, హవ్వా ఆకులతో తమను కప్పుకోవడం, దేవుడు వారికి దుస్తులు ఇవ్వడం ఉన్నాయి. ఖుర్‌ఆన్ కూడా ఆదం (అ) వృత్తాంతం వెంటనే దుస్తుల అనుగ్రహాన్ని గుర్తుచేస్తుంది. గ్రంథం తెలిసినవారు కూడా తమ స్థితికి ఆధారం వెదుక్కునేటప్పుడు ఎలా దారి తప్పగలరో ఇక్కడ కనిపిస్తుంది.

ఢిల్లీ - మరణం

షాజహాన్ పాలన చివరి కాలంలో సర్మద్ ఢిల్లీ చేరారు. యువరాజు దారా షికోహ్ ఆయన్ను ఎంతో గౌరవించాడు. రాజ్యం కోసం జరిగిన పోరులో ఔరంగజేబు గెలిచాడు. 1659లో దారాకు మరణశిక్ష పడింది. ఆ తర్వాత సర్మద్ మీద విచారణ జరిగింది. దుస్తులు ధరించమని ఆశ చూపినా, బెదిరించినా ఆయన వినలేదని ఫ్రెంచి యాత్రికుడు బెర్నియర్ రాశాడు. కలిమా పఠించమంటే, ఏ దేవుడూ లేడు అనే అర్థమిచ్చే తొలి పదాల దగ్గరే ఆగిపోయారని, ఇంకా నిరాకరణలోనే ఉన్నానని అన్నారని కథనం. 1661 ప్రాంతంలో ఆయన శిరచ్ఛేదం జరిగింది. ఢిల్లీ జామా మసీదు తూర్పు ద్వారం దగ్గర ఆయన సమాధి ఉంది. ఆయన ఫార్సీ రుబాయీలు నేటికీ చదువుతున్నారు. మౌలానా ఆజాద్ యౌవనంలో ఆయనపై ఉర్దూలో ఒక వ్యాసం రాశారు.

మనం ఏమి నేర్చుకోవాలి?

సర్మద్ నగ్నత్వం మనకు ఆదర్శం కాదు. షరీఅత్‌లో దానికి చోటు లేదు. కలిమా సగంలో ఆగేది కాదు. అబద్ధపు దైవాలను నిరాకరించినవాడు అల్లాహ్‌ను అంగీకరించే వరకు నడవాలి. ఇది చెప్పడం పండితుల బాధ్యత.

అయితే ఆయన మరణదండనలో ధర్మం ఎంత, దారా మీది పగ ఎంత అన్న ప్రశ్న చరిత్రకారులు వేస్తూనే ఉన్నారు. మేము దాన్ని తేలికగా దాటిపోలేము. ఆ ఫార్సీ అనువాదంలోని అధ్యాయాల్లోనే ఖాబీల్ తన తమ్ముడు హాబీల్‌ను చంపిన ఘటన ఉంది. ఒక ప్రాణాన్ని అన్యాయంగా తీయడం మానవులందరినీ చంపడంతో సమానమని, ఒక ప్రాణాన్ని కాపాడటం అందరినీ కాపాడటమని ఇస్రాయీల్ సంతతికి విధించినట్లు ఖుర్‌ఆన్ ఈ ఘటన వెంటనే తెలియజేస్తుంది. యూద పండితులు కూడా ఖాబీల్ ఘటన నుండే ఈ పాఠం తీశారు. రాజుల కోపానికి ధర్మం పేరు తోడైతే ప్రాణం విలువ ఎంత పడిపోతుందో పాలకులు, ముఫ్తీలు భయంతో ఆలోచించవలసిన విషయం.

సర్మద్ అంతరంగం అల్లాహ్‌కే తెలుసు. ఆయన తప్పును తప్పు అందాం, ఆయన పరలోకాన్ని మాత్రం మన చేతుల్లోకి తీసుకోవద్దు. ఒక యూద పండిత వంశీయుడు, ఒక హిందూ శిష్యుడు కలిసి హైదరాబాదులో తౌరాత్‌ను ఫార్సీలో వినిపించారంటే, ఆ గ్రంథాన్ని గురించి అడిగి తెలుసుకునే శ్రద్ధ మన పూర్వుల్లో ఉందన్నమాట. నేడు పొరుగువారి పండుగ గురించి ఒక మాట అనే ముందు దాని అర్థం ఏమిటని వారినే అడుగుదాం.

అల్లాహ్ మనకు ప్రయోజనకరమైన జ్ఞానాన్ని, దానికి తగిన ఆచరణను, తీర్పు చెప్పేటప్పుడు ఆయన భయాన్ని ప్రసాదించుగాక! ఆమీన్.