జాన్ బాయ్డ్ డన్‌లప్

జాన్ బాయ్డ్ డన్‌లప్ (ఫిబ్రవరి 5, 1840 - అక్టోబర్ 23, 1921) స్కాట్లాండుకు చెందిన పశువైద్యుడు. గాలి నింపిన రబ్బరు టైరును నిత్యవాడుకలోకి తెచ్చినవాడుగా ప్రసిద్ధుడు.

బాల్యము, వృత్తి

డన్‌లప్ ఎయిర్‌షైర్ ప్రాంతంలోని డ్రెగ్‌హార్న్ గ్రామంలో ఒక రైతు కుటుంబంలో జన్మించాడు. ఎడిన్‌బరోలో పశువైద్యం అభ్యసించి, 1867లో ఐర్లాండుకు తరలివెళ్ళాడు. బెల్ఫాస్ట్ నగరంలో ఆయన వైద్యవృత్తి బాగా సాగింది.

టైరు ఆవిష్కరణ

ఆ కాలంలో సైకిళ్ళకు గట్టి రబ్బరు టైర్లు ఉండేవి. రాళ్ళు పరచిన వీధులలో తన కుమారుని మూడు చక్రాల సైకిలు కుదుపులకు లోనవుతున్నదని గమనించి, 1887లో డన్‌లప్ పలుచని రబ్బరు గొట్టంలో గాలి నింపి, దానిపై గుడ్డ చుట్టి చెక్క చక్రానికి అమర్చాడు. పెరటిలో దొర్లించి చూడగా అది గట్టి టైరు కలిగిన చక్రము కంటే ఎక్కువ దూరం పోయింది. 1888లో పేటెంటు పొందాడు. 1889లో విల్లీ హ్యూమ్ అనే క్రీడాకారుడు ఈ టైర్లతో బెల్ఫాస్టులో పందేలు గెలవడంతో వీటికి గిరాకీ పెరిగింది.

పేటెంటు రద్దు

1889లో హార్వే డు క్రాస్ అధ్యక్షతన డబ్లిన్‌లో కంపెనీ ఏర్పడింది. అయితే రాబర్ట్ విలియం థామ్సన్ అనే మరొక స్కాట్లాండు వాసి 1845లోనే ఇదే సూత్రానికి పేటెంటు పొందినట్లు తరువాత బయటపడి, డన్‌లప్ పేటెంటు చెల్లకుండా పోయింది. థామ్సన్ నాటికి సైకిళ్ళు లేనందున ఆయన ఆవిష్కరణ మరుగున పడింది. 1896లో కంపెనీ 30 లక్షల పౌండ్లకు చేతులు మారింది. అప్పటికే తప్పుకొన్న డన్‌లప్‌కు అందులో పెద్ద సంపద దక్కలేదు. పేరు మాత్రం మిగిలింది. ఆయన డబ్లిన్‌లో మరణించాడు.

ప్రాముఖ్యత

1895లో మిషెలిన్ సోదరులు పారిస్-బోర్డో పందెంలో గాలి టైర్ల కారును నడిపారు. డన్‌లప్ పేరు గల కర్మాగారం 1936లో బెంగాల్‌లోని సాహాగంజ్‌లో ప్రారంభమైంది. ఆత్రేయపురం వంటి గోదావరి తీర గ్రామాలలోనూ ఇనుప పట్టా చక్రాల ఎడ్లబండ్ల స్థానంలో టైరుబండ్లు వచ్చాయి.

వాహనం బరువును ప్రధానంగా మోసేది టైరులోని గాలియే. గాలి తక్కువైతే టైరు అంచులు అరిగి, వేడెక్కి పగిలే ప్రమాదముంది. ఎక్కువైతే నడిమి భాగం అరుగుతుంది. కనుక తయారీదారు సూచించిన పీడనాన్ని, టైరు చల్లగా ఉన్నప్పుడే సరిచూడాలి. కారు టైరు గాడి లోతు 1.6 మిల్లీమీటర్లకు తగ్గితే, అదే కొలత, తగిన భారసామర్థ్యం గల టైరుతో మార్చుకోవాలి.