పంటి విలువ తెలిసిన హకీమ్: అబుల్ ఖాసిమ్ జహ్రావీ (రహ్మతుల్లాహి అలైహ్)

అల్లాహ్ మానవునికి ప్రసాదించిన అనుగ్రహాలు లెక్కకు మించినవి. వాటిలో పళ్ళు కూడా ఉన్నాయి. అవి చక్కగా ఉన్నంతకాలం మనకు గుర్తుకే రావు. ఏ అర్ధరాత్రో పిప్పిపన్ను సలపడం మొదలైతే మాత్రం ఇల్లంతా మేలుకుంటుంది. లవంగం అదుముతాం, ఉప్పునీళ్ళు పుక్కిలిస్తాం, తెల్లవారగానే పీకించేసుకోవాలని తీర్మానించుకుంటాం. సరిగ్గా ఈ తొందరపాటు కూడదనే వెయ్యేళ్ళ క్రితం ఒక గొప్ప ముస్లిం వైద్యుడు తన శిష్యులకు నేర్పారు. ఆయనే అబుల్ ఖాసిమ్ జహ్రావీ. ఆయన జీవితాన్నీ, పళ్ళ విషయంలో ఆయన వదిలి వెళ్ళిన విద్యనూ ఈ నెల పాఠకుల ముందుంచుతున్నాము.

కొత్త నగరంలో ఒక వైద్యుడు

ఆ రోజుల్లో నేటి స్పెయిన్‌లో అధికభాగం ముస్లింల పాలనలో ఉండేది. దాన్ని అందలుస్ అనేవారు. రాజధాని ఖుర్తుబా, అంటే నేటి కార్డోబా. ఖలీఫా మూడవ అబ్దుర్రహ్మాన్ క్రీ.శ. 936 (హి.శ. 325)లో ఖుర్తుబాకు పడమటి దిక్కున, కొండ వాలులో మదీనతుజ్జహ్రా అనే కొత్త నగరం కట్టించడం మొదలుపెట్టారు. మన హకీమ్ గారు ఆ నగరవాసి కావడం వల్లనే జహ్రావీగా ప్రసిద్ధులయ్యారు. పూర్తి పేరు అబుల్ ఖాసిమ్ ఖలఫ్ బిన్ అబ్బాస్. పేరు చివర అన్సారీ అని కూడా రాస్తారు. మదీనా అన్సార్ల వంశానికి చెందినవారని ఆ మాట సూచిస్తుంది. ఆయన సుమారు 936లో జన్మించారని చరిత్రకారులు చెబుతారు.

ఇంత పెద్ద వైద్యుని గురించి పాత పుస్తకాల్లో దొరికేది చాలా తక్కువ. ఖుర్తుబాలోనే పుట్టిన ప్రఖ్యాత విద్వాంసులు ఇబ్నె హజ్మ్ ఆయన్ని స్వయంగా చూశారు, ఆయన గ్రంథాన్ని ఎంతో మెచ్చుకున్నారు. 1009 తర్వాత అందలుస్‌లో అంతర్యుద్ధం చెలరేగింది. మదీనతుజ్జహ్రా దోపిడీకి గురై శిథిలమైపోయింది. సుమారు 1013 (హి.శ. 404)లో జహ్రావీ పరమపదించారు. ఒక తరం కళ్ళముందే పుట్టిన నగరం, ఆ తరం కళ్ళముందే మట్టిలో కలిసింది. రాజమహళ్ళు నిలవలేదు. ఒక వైద్యుడు రాసిన పుస్తకం మాత్రం నిలిచింది. ఇందులో బుద్ధిమంతులకు గుణపాఠం ఉంది.

అత్తస్రీఫ్

ఆ పుస్తకం పేరు అత్తస్రీఫ్. 30 భాగాల గ్రంథం. సొంతంగా వైద్య గ్రంథాలు సమకూర్చుకోలేని వారికి సాయంగా ఉంటుందని దాన్ని రాశారు. దాదాపు యాభై ఏళ్ళ అనుభవాన్ని అందులో పొందుపరిచారు. చివరిదైన 30వ భాగం శస్త్రచికిత్సకు సంబంధించినది. అందులో కాల్చి చేసే వైద్యం, కోసి చేసే వైద్యం, విరిగిన ఎముకలు కట్టే వైద్యం అని మూడు అధ్యాయాలున్నాయి. సుమారు రెండు వందల పరికరాల బొమ్మలు గీసి, ఒక్కొక్కటి ఎందుకు పనికొస్తుందో వివరించారు. శిష్యుల్ని బిడ్డలారా అని పిలుస్తూ, ఎదురుగా కూర్చోబెట్టుకుని చెబుతున్నట్లుగా రాశారు.

ఆయన ఈ భాగం రాయడం వెనుక పెద్ద బాధే ఉంది. తన కాలానికి తన దేశంలో శస్త్రవిద్య దాదాపు అంతరించిందని ఆయన వాపోయారు. శరీర నిర్మాణం తెలియకుండానే కత్తి పట్టేవారు ఎక్కువైపోయారు. ఒక వైద్యుడు ఒక స్త్రీ మెడమీది గడ్డను కోయబోయి రక్తనాళాలు తెంచాడు, ఆమె అక్కడికక్కడే ప్రాణం విడిచింది. మరొకడు మూత్రాశయంలోని పెద్ద రాయిని తీయబోయి, దానితోపాటు మూత్రాశయం ముక్కనూ లాగేశాడు, రోగి మూడో రోజుకు చనిపోయాడు. అంతకుముందు అదే రోగిని చూడటానికి జహ్రావీని పిలిచారు. రాయి పరిమాణాన్నీ రోగి స్థితినీ చూసి, అతను బతకడని ఆయన గ్రహించారు. చేయగలిగింది చేయడం ఎంత విద్యో, చేయకూడనిదాన్ని మానుకోవడం కూడా అంతే విద్య అని ఆయన భావించారు. డబ్బు ఆశతో ప్రమాదకరమైన చికిత్సలకు పూనుకోవద్దని శిష్యుల్ని హెచ్చరించారు.

గార తీసే చికిత్స

ఇదే జాగ్రత్తను ఆయన పంటి వైద్యంలోనూ పాటించారు. పళ్ళకు లోపలా బయటా, చిగుళ్ళ సందుల్లోనూ గరుకైన గార పేరుకుంటుందని, అది నల్లగానో పచ్చగానో మారి చిగుళ్ళను పాడుచేస్తుందని వివరించారు. రోగి తలను ఒడిలో పెట్టుకుని, గార కనబడకుండా పోయేదాకా గీకి తీయమన్నారు. ఒక్కసారికి పోకపోతే మరుసటి రోజు, ఆ మరుసటి రోజు మళ్ళీ చేయమన్నారు. పంటి లోపలివైపుకు ఒక పరికరం, బయటివైపుకు ఇంకొకటి, సందులకు వేరొకటి అంటూ రకరకాల గీకుడు పరికరాలను బొమ్మలతో చూపించారు.

నేడు పళ్ళ డాక్టరు దగ్గర చేసే స్కేలింగ్ అంటే ఇదే. పరికరం కరెంటుతో నడుస్తోంది, అంతే తేడా. స్కేలింగ్ చేయిస్తే పళ్ళు వదులవుతాయని మన ఇళ్ళలో చాలామంది భయపడతారు. నిజానికి పళ్ళను వదులు చేసేది చిగుళ్ళ వ్యాధి, దానికి కారణం గార. గట్టిపడిన గార బ్రష్‌తో పోదు. గార పోయాక సందులు కనబడి, అంతకుముందే ఉన్న వదులు బయటపడుతుంది. జనం దాన్ని చికిత్స తప్పుగా అనుకుంటారు.

పీకే ముందు ఆగు

అసలు సంగతి పన్ను పీకడం దగ్గర ఉంది. పంటినొప్పికి అన్ని ఉపాయాలూ ప్రయత్నించాలని, పీకడానికి వెనుకాడాలని జహ్రావీ నేర్పారు. పన్ను విలువైన అవయవం, పోయిందంటే దాని స్థానం భర్తీ కాదని ఆయన అభిప్రాయం. రోగి పట్టుబట్టినా సరే, ఏ పన్ను నొప్పి పెడుతోందో ముందు రూఢి చేసుకోమన్నారు. ఎందుకంటే నొప్పి రోగిని మోసం చేస్తుంది. మంచి పన్నే బాధ పెడుతోందనుకుని దాన్ని పీకించుకుంటాడు, నొప్పి మాత్రం తగ్గదు. జబ్బు పన్ను పీకాకే తగ్గుతుంది. హిజామా చేసేవారి చేతుల్లో ఇలా జరగడం తాను చూశానని ఆయన రాశారు.

మాకూ ఈ అనుభవం ఉంది. మదరసాలో చదువుకునే రోజుల్లో కుడి దవడ విపరీతంగా నొప్పిపెడితే, తోటి విద్యార్థులు చెప్పిన ఒకచోటికి వెళ్ళి, పై పన్ను చూపించాము. ఆయన అడగనూ లేదు, తట్టి చూడనూ లేదు, పీకేశారు. ఆ రాత్రి నొప్పి అలాగే ఉంది. పాడైంది కింది పన్నని తర్వాత ఇంకో డాక్టరు ఎక్స్‌రే తీసి చెప్పారు. మేము పోగొట్టుకున్నది మంచి పన్ను. ఆ ఖాళీ ఈనాటికీ అలాగే ఉంది. జహ్రావీ గ్రంథంలో ఆ పంక్తులు చదివినప్పుడల్లా నాలుక అక్కడికే పోతుంది.

పీకక తప్పనప్పుడు పద్ధతి ఏమిటో కూడా ఆయన చెప్పారు. ముందు పంటి చుట్టూ చిగురును విడదీయాలి. వేళ్ళతోనో చిన్న పటకారుతోనో కొద్దికొద్దిగా కదిలించాలి. బాగా వదులయ్యాక పెద్ద పటకారుతో నిటారుగా లాగాలి. తర్వాత వినెగర్, ఉప్పుతో పుక్కిలించాలి. తొందరపడితే పన్ను విరిగి వేళ్ళు లోపలే ఉండిపోతాయని, ఒక్కోసారి దవడ ఎముక ముక్క కూడా ఊడి వస్తుందని హెచ్చరించారు.

ఆ కాలంలో మత్తు ఇంజక్షన్ లేదు, ఎక్స్‌రే లేదు. నొప్పి తగ్గించడానికి దూదిని మరిగే వెన్నలో ముంచి పంటిపై పెట్టేవారు, ఎర్రగా కాల్చిన పరికరాన్ని గొట్టం గుండా పంపేవారు. ఆ పద్ధతులు ఇప్పుడు అక్కరలేదు, ఎవరూ ఇంట్లో ప్రయత్నించకూడదు. నేడు పుచ్చు చిన్నదైతే శుభ్రం చేసి ఫిల్లింగ్ చేస్తారు. పుచ్చు లోపలి నరం దాకా వెళితే రూట్ కెనాల్ చేస్తారు. అంటే చెడిపోయిన నరాన్ని తీసి, లోపల శుభ్రపరిచి, పూడ్చి, పైన క్యాప్ బిగిస్తారు. దానితో పన్ను తన చోటే నిలుస్తుంది. జహ్రావీ కోరుకున్నదీ పన్ను నిలవాలనే.

బంగారు తీగ

వదులైన పళ్ళను తీగతో గట్టి పళ్ళకు అల్లి బిగించే విధానాన్ని కూడా ఆయన బొమ్మతో చూపించారు. వెండి తీగ కొద్ది రోజులకే పచ్చబడి చెడిపోతుందని, బంగారం మారదని, అందుకే బంగారం మేలని చెప్పారు. ఊడిన పన్నును తిరిగి పెట్టవచ్చని, లేదా ఆవు ఎముకను పన్ను ఆకారంలో చెక్కి బిగించవచ్చని కూడా రాశారు.

ఈ మాట చదివితే హదీసు విద్యార్థులకు హజ్రత్ అర్ఫజా బిన్ అస్అద్ (రజి) వృత్తాంతం గుర్తుకొస్తుంది. అజ్ఞానకాలపు కులాబ్ యుద్ధంలో ఆయన ముక్కు తెగింది. వెండి ముక్కు పెట్టించుకుంటే అది దుర్వాసన వచ్చింది. అప్పుడు దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) బంగారు ముక్కు పెట్టించుకోమని ఆయనకు అనుమతించారు. పురుషులకు బంగారం నిషిద్ధమైనా, అవసరం కారణంగా లభించిన వెసులుబాటు ఇది. దీని ఆధారంగానే పళ్ళను బంగారంతో బిగించడాన్ని ఇమామ్ ముహమ్మద్ (రహ్మతుల్లాహి అలైహ్) అనుమతించారు. ఇమామ్ అబూ హనీఫా (రహ్మతుల్లాహి అలైహ్) వెండికే అనుమతిచ్చారు.

క్యాప్ ఉంటే గుస్ల్ కాదేమోనన్న అనుమానంతో చికిత్స మానుకునే వారిని మేము చూశాము. స్థిరంగా బిగించి, తీయడానికి వీలుకాని క్యాప్, ఫిల్లింగ్ శరీర భాగంలాంటివేనని ఉలమాలు వివరించారు. వాటివల్ల గుస్ల్‌కు ఆటంకం లేదు. తీసిపెట్టుకునే కట్టుడు పళ్ళనైతే ఫర్జ్ గుస్ల్‌లో తీసి పుక్కిలించాలి. సందేహముంటే దగ్గరి ఆలిమ్‌ను అడగాలి. పంటిని మాత్రం పాడు కానివ్వకూడదు.

మిగిలిన వెలుగు

12వ శతాబ్దంలో తులైతులా (టొలెడో) నగరంలో జెరార్డ్ అనే పండితుడు శస్త్రచికిత్స భాగాన్ని లాటిన్‌లోకి అనువదించాడు. యూరప్ వైద్యులు శతాబ్దాలపాటు దాన్ని చదువుకున్నారు. 14వ శతాబ్దపు ఫ్రెంచి వైద్యుడు గీ ద షోలియాక్ తన గ్రంథంలో జహ్రావీని పదేపదే ప్రస్తావించాడు. 1465లో తుర్కీ వైద్యుడు షరఫుద్దీన్ సాబూంజీ ఓగ్లూ ఆ విద్యను తన భాషలోకి తెచ్చి, బొమ్మలతో గ్రంథం రాశాడు. మదీనతుజ్జహ్రా శిథిలాలను 1911 నుంచి తవ్వి తీస్తున్నారు. 2018లో యునెస్కో వాటిని ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించింది.

మన పూర్వీకుడు గొప్పవాడని చెప్పుకుని మురిసిపోవడం తేలిక. ఆయన నేర్పింది మన ఇంట్లో ఉందా అన్నదే ప్రశ్న. మిస్వాక్ సున్నత్‌ను రోజూ పాటించే ఇంట్లో పిల్లల పళ్ళు పుచ్చిపోతుంటే పట్టించుకోకపోవడం తగదు. నొప్పి వచ్చేదాకా ఆగకుండా అప్పుడప్పుడు డాక్టరుకు చూపించండి. పీకాలని చెబితే, నిలబెట్టే మార్గముందా అని ఒక్కసారి అడగండి. చదువుకున్న వైద్యుణ్ణే ఆశ్రయించండి.

అల్లాహ్ హకీమ్ జహ్రావీని కరుణించుగాక! ఆయన ఇచ్చిన అమానతులను చివరిదాకా కాపాడుకునే సద్బుద్ధిని మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.