మన జిల్లా సైంటిస్టు: డాక్టర్ సూరి భగవంతం



ఏడో తరగతిలో సిమెట్రీ పాఠం చెబుతుంటే ఒక విద్యార్థి లేచి, ఇది ఎందుకు పనికొస్తుందని అడిగాడు. పరీక్షకు పనికొస్తుందని చెప్పి ఊరుకున్నాను. ఆ జవాబు నాకే నచ్చలేదు. అసలు జవాబు మన పక్క ఊరి మనిషి జీవితంలో ఉంది.

విజయవాడ నుంచి నూజివీడు వెళ్లే దారిలో ఆగిరిపల్లి వస్తుంది. 1909లో సూరి భగవంతం గారు అక్కడే పుట్టారు. హైదరాబాదు నిజాం కాలేజీలో ఫిజిక్స్‌తో బీఎస్సీ చదివారు. 1928లో కలకత్తా వెళ్లి సి.వి. రామన్ గారి దగ్గర చేరారు. రామన్ ఎఫెక్ట్ బయటపడింది ఆ ఏడాదే. ఒక పదార్థం మీద కాంతి పడినప్పుడు, చెదిరే కాంతిలో చాలా కొద్ది భాగం రంగు మారుతుంది. ఆ మార్పును బట్టి లోపలి అణువులు ఎలా కంపిస్తున్నాయో తెలుస్తుంది. భగవంతం గారు వజ్రం మీద ఈ ప్రయోగాలు చేశారు. కాంతి కణమైన ఫోటాన్‌కు స్పిన్ ఉందని చూపించే ప్రయోగాన్ని రామన్ గారితో కలిసి చేశారు.

అంత పేరున్న ల్యాబ్‌ను వదిలి 1932లో ఆయన ఆంధ్ర విశ్వవిద్యాలయంలో లెక్చరర్‌గా చేరారు. 1926లో మన బెజవాడలోనే మొదలై, తర్వాత వాల్తేరుకు మారిన విశ్వవిద్యాలయం అది. సైన్సు విభాగాలు అప్పుడప్పుడే నిలదొక్కుకుంటున్నాయి. అక్కడ పెద్ద పరికరాల కంటే ఆయనకు ఎక్కువ అక్కరకొచ్చింది లెక్కలే. గణిత శాస్త్రవేత్త టి. వెంకటరాయుడు గారితో కలిసి గ్రూప్ థియరీని ఫిజిక్స్‌కు అన్వయించారు. ఇద్దరూ రాసిన పుస్తకాన్ని 1948లో ఆంధ్ర విశ్వవిద్యాలయం ప్రచురించింది.

గ్రూప్ థియరీ అంటే భయపడక్కర్లేదు. వాకిట్లో నాలుగు వైపులా ఒకేలా ఉండే ముగ్గును ఊహించుకోండి. దాన్ని పావు వంతు తిప్పినా అలాగే కనిపిస్తుంది. అణువుల అమరికకూ ఇలాంటి పోలికలు ఉంటాయి. వాటిని లెక్కపెడితే, ఏ కంపనం రామన్ కాంతిలో కనిపిస్తుందో, ఏది కనిపించదో ప్రయోగానికి ముందే చెప్పవచ్చు.

ఇది ఈనాటికీ అవసరమే. వజ్రం, గ్రాఫీన్ రెండూ కార్బనే. అమరిక వేరు కాబట్టి అవి ఇచ్చే రామన్ గీతలూ వేరు. గ్రాఫీన్ మందం ఒకే ఒక్క పరమాణువు. కాంతిని గుర్తించే సెన్సర్ల తయారీలో దాన్ని వాడుతున్నారు. తయారైనది ఒక పొరా, అనేక పొరలా అన్నది లేజర్ వేసి ఆ గీతలను చూసి తెలుసుకుంటారు. వెండి, బంగారం నానో కణాల దగ్గర ఈ సంకేతం ఎన్నో రెట్లు బలపడుతుంది. అందువల్ల కూరగాయల మీద మిగిలిన పురుగుమందు కొద్దిపాటిగా ఉన్నా పట్టుకునే వీలుంది. పంటలతో బతికే మన డెల్టాకు ఇది చిన్న విషయం కాదు.

తర్వాత భగవంతం గారు ఉస్మానియా వైస్ ఛాన్సలర్‌గా, 1957 నుంచి 1962 వరకు బెంగళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్ డైరెక్టర్‌గా, ఆపైన రక్షణ మంత్రికి శాస్త్ర సలహాదారుగా పనిచేశారు. 1989లో కన్నుమూశారు.

ఆయన, వెంకటరాయుడు గారు పుస్తకం రాసే నాటికి గ్రాఫీన్‌ను ఎవరూ విడదీసి చూడలేదు. ఎప్పుడు, దేనికి పనికొస్తుందో తెలియకపోయినా, ఆ లెక్కను వాళ్లు శ్రద్ధగా చేసి పెట్టారు. మా విద్యార్థికి నేను ఇవ్వాల్సిన జవాబు ఇదే. మరుసటి రోజు క్లాసులో చెప్పాను కూడా.

ఈసారి ఇంట్లో ముగ్గు వేసినప్పుడు మీ పిల్లలను పక్కన కూర్చోబెట్టుకోండి. ఎన్ని రకాలుగా తిప్పితే అది మారకుండా ఉంటుందో లెక్కపెట్టమనండి. ఆ లెక్కకు మార్కులు ఉండవు. అయినా చేయనివ్వండి.