మెదక్ దేవాలయ నిర్మాత

1895వ సంవత్సరమున చార్లెస్ వాకర్ పాస్నెట్ అను యువకుడు బ్రిటను దేశమునుండి సికిందరాబాదు చేరెను. ఆయన వెస్లియన్ మెథడిస్టు సంఘమునకు చెందిన బోధకుడు. దండులోని తెల్ల సిపాయిలకు బోధించుట ఆయన పని. దానితో ఆయన మనసు తృప్తి చెందలేదు. పల్లె ప్రజల నడుమ జీవింపవలెనని తలచి, నిజాము రాజ్యములోని మెదకునకు తరలిపోయెను. అప్పుడు అచ్చటికి రైలు లేదు, గుఱ్ఱముపై పోవలసినదే.

కొన్నేండ్లకు ఆ ప్రాంతమున దారుణమైన కరవు వచ్చెను. చేలు బీడువారెను. కూలి దొరకక జనులు ఆకలితో అలమటించిరి. ఊరక అన్నము పెట్టుటకంటె పని చూపి తిండి పెట్టుట మేలని పాస్నెట్ తలచెను. 1914లో గొప్ప దేవాలయ నిర్మాణము ఆరంభమయ్యెను. కరవునాట అంత కట్టడమేల యని కొందరికి తోచవచ్చును. కాని చిన్న గుడియైనచో ఏడాదిలో ముగిసి, పనివారు మరల పస్తులుండెడివారు. ఈ పని పదేండ్లు సాగినది. రాళ్లను చేతితోనే చెక్కిరి. పని చేసినవారి కుటుంబములకు కడుపు నిండెను.

ఈ దేవాలయమునకు బ్రిటను శిల్పులు గాథిక్ పద్ధతిలో నమూనా గీచిరి. ఆ పద్ధతిలో కమానులు గుండ్రముగా నుండక, పైన మొనదేలి యుండును. కప్పు బరువును అవి స్తంభముల మీదికి దించును. అందుచేత గోడలలో పెద్ద కిటికీలు పెట్టుటకు వీలు కలుగును. కట్టడము వెడల్పు 100 అడుగులు, పొడవు 200 అడుగులు. గంట గోపురము ఎత్తు 175 అడుగులు. మెదకు పొలములలో నిలిచి చూచువారికి దూరమునుండియే అది కనబడును. లోపల ఇంచుమించు అయిదు వేలమంది కూర్చుండవచ్చును. నేలపై పరచిన రంగురంగుల పలకలు బ్రిటను నుండి వచ్చినవి.

1924 డిసెంబరు 25వ తేదీన, క్రిస్మసు పండుగనాడు, దేవాలయము ప్రతిష్ఠింపబడెను. 1947లో దక్షిణ ఇండియా సంఘము ఏర్పడగా, అది మెదక్ బిషప్పు పీఠమయ్యెను.

దీనిలో మిక్కిలి అందమైనవి రంగుటద్దముల కిటికీలు. అద్దపు ముక్కలనే కూర్చి క్రీస్తు చరిత్రను చిత్రించిరి. ఎండ వెలుపలినుండి పడినప్పుడే ఆ బొమ్మలు ప్రకాశించును. రాత్రివేళ లోపలినుండి చూచిన నల్లగా నుండును. క్రీస్తు పరలోకమునకు ఆరోహణమగు దృశ్యమును 1927లోను, ఆయన జనన దృశ్యమును 1947లోను అమర్చిరి. పాస్నెట్ 1950లో మరణించెను. సిలువ దృశ్యముగల మూడవ కిటికీని 1958లో అమర్చిరి.