రామప్ప గుడి కట్టించిన సేనాని రేచర్ల రుద్రుడు

పాలంపేట: మన పల్లెల నుంచి హైదరాబాదు పోయిన పిల్లలు చాలామంది అమీర్‌పేటలో మైత్రీవనం చుట్టూ ఉన్న కోచింగు సెంటర్లలో చదువుతుంటారు. పోటీ పరీక్షలకు తయారయ్యేవారు బట్టీపట్టే ప్రశ్నల్లో ఒకటి, రామప్ప గుడిని ఎవరు కట్టించారన్నది. జవాబు రేచర్ల రుద్రుడు. దానికి ఒక మార్కు. పరీక్ష అయిపోగానే ఆ పేరు మరుగున పడిపోతుంది. ఇక్కడ ఊళ్ళలో ఉన్నవారికైతే ఆ పేరే తెలియదు. గుడి రామప్పది, చెరువు రామప్పది, బస్సు బోర్డు మీద కూడా రామప్పే. కట్టించిన దొర పేరు పోయి, చెక్కిన శిల్పి పేరు జనం నోట నిలిచిపోయింది. దేశంలో ఇలాంటి గుళ్ళు బహు అరుదు. అది శిల్పికి దక్కవలసిన గౌరవమే, కాదనలేం. కాని రాళ్ళు సమకూర్చి, కూలి ఇచ్చి, చెరువు నిలబెట్టిన మనిషి సంగతి కూడా మన జిల్లావారు తెలుసుకోవాలి.

రేచర్లవారు కాకతీయులకు తరతరాలుగా సేనానులు. పిల్లలమర్రిలో గుళ్ళు కట్టించినవారు కూడా ఈ రేచర్లవారే. రుద్రుని పూర్వీకుల్లో బ్రహ్మ అనే సేనాపతి కంచి కోట తలుపులు తెరిపించి కాకతి రాజుకు విజయం తెచ్చిపెట్టాడని పాలంపేట శాసనం చెబుతున్నది. అంటే రుద్రుడు పుట్టేనాటికే ఆ ఇంట్లో కత్తి పాతది. అయితే అతని కాలంలో వచ్చిన కష్టం అంతకుముందు ఎవరికీ రాలేదు.

1195 ప్రాంతంలో ఓరుగల్లు రాజు రుద్రదేవుడు దేవగిరి యాదవులతో యుద్ధంలో చనిపోయాడు. (ఈ రుద్రదేవుడు వేరు, మన రేచర్ల రుద్రుడు వేరు. హనుమకొండ వేయిస్తంభాల గుడి కట్టించింది రాజైన రుద్రదేవుడు. పరీక్షల్లో కూడా పిల్లలు ఇక్కడే తప్పు చేస్తారు.) తర్వాత తమ్ముడు మహాదేవుడు గద్దెనెక్కి, మూడు నాలుగేళ్ళు తిరగకముందే అదే దేవగిరి మీదికి పోయి ప్రాణం పోగొట్టుకున్నాడు. అతని కొడుకు గణపతిదేవుడు శత్రువుల చేతికి చిక్కాడు. రాజు లేడు, వారసుడు చెరలో ఉన్నాడు. ఇలాంటప్పుడు సామంతులు ఊరుకుంటారా? ఎవరి దిక్కు వారు తలలెత్తారు.

అప్పుడు సైన్యం రుద్రుని చేతిలో ఉంది. తానే రాజునని అతడు ప్రకటించుకొని ఉంటే ఆ రోజుల్లో అది వింత కూడా కాదు. అతడు ఆ పని చేయలేదు. తిరగబడ్డవారిని అణచాడు. నాగతి అనే శత్రువును ఓడించాడు. ఖాళీ గద్దెకు కాపలా ఉన్నాడు. 1199లో దేవగిరివారు గణపతిదేవుణ్ణి విడిచిపెట్టగా, ఆయన వచ్చి కూర్చోవడానికి ఓరుగల్లులో రాజ్యం చెక్కుచెదరకుండా ఉంది. ఆ గణపతిదేవుడే 1262 వరకు, అరవై ఏళ్ళకు పైగా పాలించాడు. ఆయన బిడ్డే రుద్రమదేవి. ఇవాళ కాకతీయుల వైభవమని మనం చెప్పుకునేదంతా ఆ నాలుగు రోజులు రుద్రుడు నిజాయితీగా నిలబడినందువల్ల మిగిలిందే. అతనికి కాకతి రాజ్య భార ధౌరేయుడని బిరుదు. ధౌరేయమంటే కాడి మోసే ఎద్దు. రైతుబిడ్డలకు ఈ బిరుదు విప్పిచెప్పనక్కరలేదు.

రాతి పనికి దిగిన సేనాని

యుద్ధాలు సద్దుమణిగాక రుద్రుడు తన చేతిలో ఉన్న సీమలో ఆటుకూరు అనే చోట శివాలయం ఎత్తించాడు. శా.శ. 1135, శ్రీముఖ నామ సంవత్సరం చైత్ర మాసంలో, అంటే 1213లో, దేవుని ప్రతిష్ఠ జరిగింది. దేవుని పేరు రుద్రేశ్వరుడు. పక్కనే కాటేశ్వరుడు, కామేశ్వరుడు. రుద్రేశ్వరుని భోగాలకు ఉప్పలపల్లి, బోర్లపల్లి గ్రామాలను, మిగతా ఇద్దరికి నడికూడను ఇచ్చాడు. ఇదంతా గుడి దగ్గరే మండపంలో నల్లరాతి స్తంభం నాలుగు ముఖాల మీదా సంస్కృతంలో చెక్కి ఉంది. ప్రతిష్ఠతో పని ముగియలేదు. నిర్మాణం సుమారు 40 ఏళ్ళు సాగిందని భావిస్తున్నారు.

గుడితోపాటే చెరువు. గుట్టల నడుమ కట్ట వేసి నీళ్ళు ఆపారు. ఎనిమిది వందల ఏళ్ళు దాటినా ఆ చెరువు కింద నాట్లు పడుతున్నాయి. ఇటీవలి కాలంలో దేవాదుల పథకం నీళ్ళు కూడా ఇందులోకే వచ్చాయి.

ఇక గుడి సంగతి. చూసి పోయేవారు బొమ్మలను చూసి మెచ్చుకుంటారు. అసలు తెలివి బొమ్మల కింద, బొమ్మల పైన ఉంది. ఇక్కడి నేల గట్టి రాతి నేల కాదు, పక్కనే పెద్ద చెరువు. పునాదికి గుంత తవ్వి అందులో ఇసుక నింపి, తడిపి, దట్టించారు. దీన్నే ఇంజనీర్లు ఇసుకపెట్టె పద్ధతి అంటున్నారు. ఇసుకలో బెల్లం, కరక్కాయ, రాతిపొడి కలిపారని కూడా చెబుతారు. భూమి కదిలినప్పుడు ఆ కుదుపును ఇసుక మింగేస్తుంది. దాని మీద ఆరడుగుల ఎత్తున నక్షత్రం ఆకారంలో రాతి అరుగు. ఇసుక మీద కూర్చున్న గుడికి తల బరువు పనికిరాదు. అందుకని గర్భగుడి మీది శిఖరానికి రాయి వాడలేదు. నీళ్ళలో వేస్తే తేలే ఇటుకలు వాడారు. మట్టిలో ఊక, పొట్టు వంటివి కలిపి కాలిస్తే లోపలివి కాలిపోయి సందులు మిగులుతాయి. ఇటుక ఇటుకలాగే గట్టిగా ఉంటుంది, బరువు మాత్రం నీటికన్నా తక్కువ. మన బట్టీలవాళ్ళకు ఈ కిటుకు వింతగా తోచదు, కాని దాన్ని గుడి గోపురానికి వాడిన ధైర్యం చూడండి.

రాయిలోనూ అంతే. ఒకే రాయితో కట్టలేదు. గోడలకు ఎర్రటి ఇసుకరాయి. అది మెత్తన, ఉలి తేలికగా దిగుతుంది, పని తొందరగా సాగుతుంది. బరువు మోసే స్తంభాలకు, దూలాలకు, సన్నని పని కావలసిన బొమ్మలకు మాత్రం నల్లరాయి. డోలరైట్ అని భూగర్భశాస్త్రంవారు పిలిచే రాయి ఇది. తెలంగాణలో తెల్లబండల నడుమ నల్లగా గోడలాగా సాగిపోయే గుట్టలు చూస్తుంటాం కదా, అవి ఈ రాయివే.

తెల్లబండ, అంటే గ్రానైట్, కూడా గట్టిదే. మైత్రీవనం నుంచి కొద్ది దూరంలో హుస్సేన్‌సాగర్ నడుమ నిలబెట్టిన 58 అడుగుల బుద్ధుడు ఆ రాయే. భువనగిరి దగ్గర రాయగిరి గుట్ట నుంచి తెచ్చి చెక్కారు. 1990లో పడవ మీద నుంచి జారి నీళ్ళలో పడి, ప్రాణాలు తీసి, 1992లో లేచి నిలబడింది. అయితే గ్రానైటులో పలుకులు పెద్దవి. మరీ సన్నగా చెక్కబోతే పలుకు ఊడి వస్తుంది. నల్లరాయి పలుకు కంటికి కనిపించనంత చిన్నది. అందుకే అందులో దారం పట్టేటంత సన్నని రంధ్రాలు కూడా వచ్చాయి, అద్దంలాంటి నునుపూ వచ్చింది.

కాని ఆ నునుపు ఊరికే రాదు. రాతిపని చేసే కుటుంబాలను అడిగితే తెలుస్తుంది. ముందు రాయిని సుత్తితో కొట్టి వింటారు. గంటలా మోగితే మంచి రాయి. బొంగురుగా పలికితే లోపల పగులు ఉన్నట్టు. పాత శిల్పశాస్త్రాలు కూడా ధ్వనిని బట్టే పురుష శిల, స్త్రీ శిల, నపుంసక శిల అని విడదీశాయి. పాతకాలంలో బండ విడదీయడానికి వరుసగా గుంతలు తొలిచి, ఎండుకట్టె మేకులు దిగగొట్టి నీళ్ళు పోసేవారు. కట్టె ఉబ్బి బండ గీత వెంబడి చీలేది. తర్వాత సమ్మెటతో మోటుపని, లావు ఉలితో ఆకారం, సన్న ఉలితో నగిషీ, చివర రాతిపొడి, కురువిందం పొడి వేసి నీళ్ళతో రుద్దుడు. నల్లరాయి మీద ఉలి మొన ఎంతోసేపు ఆగదు, మొండిబోతుంది. దాన్ని కొలిమిలో కాల్చి, సాగగొట్టి, నీళ్ళలో ముంచి మళ్ళీ పదును పెట్టాలి. అంటే నల్లరాతి శిల్పి ఎక్కడ కూర్చుంటే పక్కనే కమ్మరి కొలిమి ఉండవలసిందే. ఎన్ని కొలిమిలు, ఎంత బొగ్గు, ఎంతమందికి అన్నం! రామప్ప ఎంత గొప్ప శిల్పి అయినా, ఏళ్ళ తరబడి ఈ ఖర్చుకు వెనుదీయని మనిషి ఒకడు ఉండాలి. ఆ మనిషి రుద్రుడు.

మండపం మూడు వాకిళ్ళ దగ్గర స్తంభం నుంచి చూరుకు ఏటవాలుగా నిలిచిన పన్నెండు మదనికలు, నాగినులు ఆ నల్లరాతివే. ఒకామె కాలికి ఎత్తుమడమల చెప్పులున్నాయి. ఇప్పటి పట్నం ఆడపిల్లలు వేసుకునేవాటిని చూసి ముక్కు విరిచే పెద్దలు ఒకసారి వచ్చి చూడవచ్చు. గోడల మీది నాట్యభంగిమలను చూసే నటరాజ రామకృష్ణ పేరిణి నృత్యానికి మళ్ళీ ప్రాణం పోశారు. ఆయనకు తోడ్పడిన రెండో ఆధారం, గణపతిదేవుని గజసేనాని జాయప 13వ శతాబ్దంలో రాసిన నృత్తరత్నావళి.

ఎర్రరాయి, నల్లరాయి

ఎనిమిది వందల ఏళ్ళ ఎండావానలు రెండు రాళ్ళ తేడాను తేల్చిచెప్పాయి. బయటి గోడల ఎర్రరాయి అక్కడక్కడ పొడిగా రాలుతోంది. నల్లరాతి మదనికలు మాత్రం నిన్న రుద్దినట్టు మెరుస్తున్నాయి. లోపల నేల ఎగుడుదిగుడు అయింది. కొన్ని దూలాలు పగిలాయి. అయినా గుడి కూలలేదు. ఇసుకపెట్టె తన పని తాను చేసుకుపోతున్నది.

నిజాం కాలంలో పురావస్తు శాఖ డైరెక్టరుగా ఉన్న గులాం యజ్దానీ ఈ గుళ్ళ మీద 1922లో ఒక గ్రంథం వెలువరించారు. 2021 జూలై 25న యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో ఈ గుడికి చోటు దొరికింది. ఆ జాబితాలో రాసిన పేరు కాకతీయ రుద్రేశ్వర ఆలయం, రామప్ప అన్నది పక్కన కుండలీకరణాల్లో ఉంది. ఇన్ని వందల ఏళ్ళకు కాగితం మీదైనా సేనాని పేరు ముందుకు వచ్చింది.

రుద్రుడు ఎత్తించిన వాటన్నిటికీ అదే అదృష్టం పట్టలేదు. కామేశ్వరాలయాన్ని మరమ్మతు కోసం విప్పి, రాళ్ళకు అంకెలు వేసి ఆవరణలో పేర్చారు. ఆ రాళ్ళు పదేళ్ళకు పైగా గడ్డిలో అలాగే పడి ఉన్నాయి. యునెస్కో గుర్తింపు వచ్చాక గాని మళ్ళీ పని మొదలు కాలేదు. చుట్టుపక్కల ఉన్న చిన్న గుళ్ళకు, చెరువుకట్ట మీది శిథిలాలకు ఆపాటి అంకెలు కూడా లేవు. యాత్రికులు ప్రధాన ఆలయం చూసి తిరుగుబస్సు ఎక్కుతారు. కట్ట వైపు నడిచి పోతే చెట్ల వేళ్ళు రాళ్ళను ఎలా విడదీస్తున్నాయో కనిపిస్తుంది. పూర్వం కట్టెమేకులకు నీళ్ళు పోసి బండ చీల్చినట్టే, ప్రతి వానాకాలం ఆ వేళ్ళు కొంచెం కొంచెం లావెక్కుతున్నాయి.